కొండ దిగాక ఏ కోనకు?

తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు బంధువుల కొరత ఉండదు. దర్శనం అయిపోతుంది, లడ్డూలు సంచిలో సర్దుకుంటారు, "రైలు రేపు రాత్రికి కదా, ఈలోగా ఇంకేం చూడొచ్చు?" అంటారు. గుడులు వద్దు, అప్పటికే నాలుగు తిరిగుంటారు. కొండ ఉండాలి, నీళ్లుండాలి, కాస్త నడక ఉండాలి, మన పక్క తిండి తినాలి. ఇవన్నీ కలిసిన చోటికి మా దగ్గర ఒకటే మాట ఉంది: కోన. రెండు కొండల నడుమ నీళ్లు దిగి, చెట్లు కమ్ముకున్న సందును కోన అంటాం. తలకోన, కైలాసకోన, సదాశివకోన, మూలకోన, తుంబురు కోన... ఊరి నుంచి ఎటు బయల్దేరినా ఒకటి తగులుతుంది. ఏది అన్న దగ్గరే చిక్కు.

మొదట్లో నేను అందరికీ తలకోన అనేవాణ్ని. ఒక ఏప్రిల్‌లో గుంటూరు నుంచి మా చిన్నాన్న వాళ్లు వస్తే అక్కడికే తీసుకుపోయాను. సగం దారిలోనే పిన్ని మోకాళ్లు పట్టుకుని బండ మీద కూర్చుండిపోయింది. ఆమె దగ్గరున్న పులిహోర డబ్బా కోతి ఎత్తుకుపోయింది. మిగిలినవాళ్లం పైకి పోయి చూస్తే అంత ఎత్తు బండ మీద నుంచి దారప్పోగంత నీళ్లు. తిరిగి వచ్చేటప్పుడు పిన్ని మాట్లాడలేదు. ఇంటి ముందు కారు దిగాక మాత్రం, "మా ఇంట్లో కొళాయి ఇంతకంటే బాగా వస్తుంది నాయనా" అంది.

అప్పటి నుంచి ఎవరడిగినా ముందు రెండు ప్రశ్నలు వేస్తాను. ఇది ఏ నెల? మీలో అందరికంటే నిదానంగా నడిచేది ఎవరు?

ముందు నెల, ఆ తర్వాత మోకాళ్లు

మా పక్క వానలు రెండు విడతలుగా పడతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం. పుత్తూరు, నాగలాపురం వైపు కోనలకు ప్రాణం ఈశాన్యమే. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే వారం తిరక్కుండా ఇక్కడి వంకలన్నీ పారతాయి. అందుకే నీళ్లు చూడాలంటే నవంబరు నుంచి జనవరి మధ్య రండి. ఏప్రిల్, మే నెలల్లో వచ్చేవాళ్లు జలపాతం మీద ఆశ పెట్టుకోకుండా నీడ, గాలి, జాతర చూసుకుంటే మనసు కష్టపెట్టుకోనక్కర్లేదు.

అలాగని వాన బాగా పడుతున్న రోజే పోకూడదు. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు నడకదారే దెబ్బతింది, 2022 మే దాకా మూసేశారు. మెట్లు కట్టిన దారికే ఆ గతి పట్టిందంటే, కోనలో వంక దాటే దారి సంగతి చెప్పనక్కర్లేదు. వాన వెలిసిన మూడో రోజు, నాలుగో రోజు అయితే సరిగ్గా ఉంటుంది.

ఇక మోకాళ్లు. గుంపులో కుర్రాళ్లు ఎంత దూరం నడవగలరన్నది లెక్కలోకి రాదు. అమ్మమ్మ ఎంత దూరం నడవగలదో, మూడేళ్ల పిల్లాడు ఎంతసేపటికి ఎత్తుకోమంటాడో అదే ఆ రోజు మీ ప్రయాణం. ఈ ఒక్కటి ఒప్పుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

మూడోది తిండి. కోన లోపల మంచి భోజనం దొరుకుతుందని బయల్దేరొద్దు. దారిలో తినాలి, లేదంటే కట్టుకుపోవాలి. నాలుగోది అనుమతి. ఇవన్నీ శేషాచలం, నగరి కొండల అడవులు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తానికి ఈ చుట్టుపక్కల కొండల్లోనే కాబట్టి అటవీశాఖ నిఘా గట్టిగా ఉంటుంది. దారి వదిలి లోపలికి పోయి, "ఊరికే ఫొటోల కోసం వచ్చాం సార్" అంటే కుదరదు. చేతికర్రకని కూడా అడవిలో కట్టె విరవొద్దు.

| కోన | తిరుపతి నుంచి | నడక | నీళ్లు | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| తలకోన | 50 కి.మీ. పైన | ఓ మోస్తరు, పైకి పోతే కష్టం | వానల తర్వాత బ్రహ్మాండం, వేసవిలో సన్నం | రోజంతా చేతిలో ఉన్నవాళ్లకు |
| కైలాసకోన | సుమారు 45 కి.మీ. | కొద్ది మెట్లు | ధార చిన్నదే, నమ్మకమైనది | పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉన్నవాళ్లకు |
| తుంబురు కోన | తిరుమల పాపవినాశనం మీదుగా | చాలా ఎక్కువ | తీర్థం | ఏడాదికోసారి ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటికి మాత్రమే, గట్టి కాళ్లవాళ్లకు |
| నాగలాపురం కోనలు | 70 కి.మీ. దాకా | కష్టం, రాళ్లు, మడుగులు | వానల తర్వాత నిండుగా | ఈత వచ్చి, దారి తెలిసినవాళ్లు తోడుంటేనే |
| హార్సిలీ హిల్స్ | 140 కి.మీ. దాకా | మీ ఇష్టం | లేవు | వేసవిలో చల్లదనం కావాలనుకునేవాళ్లకు |

తలకోన: పేరుకు తగ్గదే, కానీ రోజంతా అడుగుతుంది

జలపాతం ఎత్తు 270 అడుగులు. వానలు బాగా పడ్డ ఏడాది నవంబరులో దాని కింద నిలబడితే పక్కమనిషి మాట వినబడదు. ఆ నెలలో పోయినవాళ్లు ఎందుకంత పొగుడుతారో, మేలో పోయినవాళ్లు ఎందుకంత తిడతారో నాకు తెలుసు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

చంద్రగిరి దాటి, రంగంపేట మీదుగా భాకరాపేట ఘాట్ ఎక్కి దిగి, నెరబైలు దగ్గర అడవిలోకి తిరగాలి. ఘాట్‌లో మలుపులు ఎక్కువ. వాంతులయ్యే పిల్లలుంటే టిఫిన్ తక్కువ పెట్టండి. తిరుగు ప్రయాణం చీకటి పడకముందే ఘాట్ దాటేలా చూసుకోండి. గేటు దగ్గర అటవీశాఖ రుసుము కట్టి లోపలికి పోతే సిద్ధేశ్వరస్వామి గుడి వస్తుంది. శివరాత్రికి ఇక్కడ తిరునాళ్ల జరుగుతుంది. ఆ జనం, ఆ బొరుగుల అంగళ్లు ఇష్టమైనవాళ్లకు అదే మంచి రోజు. అడవి నిశ్శబ్దం కావాలంటే మాత్రం ఆ వారం అటు చూడకండి.

జలపాతం దాకా పోయే నడకను చాలామంది ఏదో అడ్డంకిలా దాటేసి నీళ్ల దగ్గరికి పరుగెత్తుతారు. నా మటుకు తలకోనలో చూడాల్సింది ఆ దారే. గిల్లతీగ అని ఒకటుంటుంది. తీగ అంటే సన్నగా ఊహించుకుంటాం కదా, ఇది మనిషి తొడంత లావు. చెట్టు మీద నుంచి చెట్టు మీదికి మెలికలు తిరుగుతూ పోతుంది. మొదలెక్కడో కొస ఎక్కడో కనుక్కుందామని మా అబ్బాయి ఒకసారి పది నిమిషాలు తల పైకెత్తి నడిచి, చివరికి బండకు తట్టుకుని పడ్డాడు. దాని కాయ మూరెడు పైనే ఉంటుంది, లోపల గింజలు రూపాయి బిళ్ల కంటే పెద్దవి. ఏరుకోవాలనిపిస్తుంది, ఏరకండి. ఇది శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు పరిధి. అక్కడి ఆకు కూడా అక్కడే ఉండాలి. దేవాంగపిల్లి, బంగారు బల్లి ఉండే అడవే అయినా అవి రాత్రి తిరిగేవి. పగలు కనిపించేవి కోతులే. వాటి చూపు మీ సంచి మీదే.

రాత్రి ఉండాలనుకుంటే గదులున్నాయి, ముందుగా బుక్ చేసుకోవాలి. తెల్లవారి ఆరింటికి, తిరుపతి నుంచి కార్లు రాకముందు, ఆ కోన మీ ఒక్కరిదే. కుదిరితే ఖర్చుకు వెనకాడకండి.

పోయేటప్పుడో వచ్చేటప్పుడో చంద్రగిరి కోటలో ఒక గంట ఆగండి. ఇప్పుడు చెన్నై కోట ఉన్న జాగాను ఇంగ్లీషు కంపెనీ సంపాదించింది చంద్రగిరి రాజుల కాలంలోనే, 1640కి అటూ ఇటూ. రాజమహల్లోని మ్యూజియానికి శుక్రవారం సెలవు. శుక్రవారం పోయి తాళం చూసి వచ్చిన బంధువులు నాకు ఇద్దరున్నారు.

కైలాసకోన: చిన్నదని చిన్నచూపు చూడకండి

పుత్తూరు దాటి నారాయణవనం మీదుగా పోతే వస్తుంది. గుహలో కైలాసనాథుడు, కామాక్షమ్మ, పక్కనే బండ మీద నుంచి నేరుగా తల మీద పడే ధార. బండి దిగి కొద్ది మెట్లెక్కితే చాలు. వేసవిలో సన్నబడుతుంది గానీ పూర్తిగా ఆగిపోవడం నేను చూడలేదు.

తలకోనతో పోలిస్తే ఇక్కడ అడవి నడక లేదు. ఆదివారాల్లో చెన్నై వైపు నుంచి జనం దిగుతారు, ధార కింద నిలబడటానికి వరస కట్టాలి. సబ్బులు, షాంపూ పొట్లాలు చూసి మనసు చివుక్కుమంటుంది. పోతే పని రోజుల్లో పొద్దున్నే పోవాలి. పడుచువాళ్ల గుంపుకు ఇది ఒక పూటకు కూడా చాలదు. పెద్దవాళ్లున్న ఇంటికి మాత్రం దీన్ని మించింది లేదు. మా పిన్ని రెండేళ్ల తర్వాత డిసెంబరులో మళ్లీ వస్తే ఇక్కడికే తీసుకొచ్చాను. చీర కొంగు నడుముకు దోపుకుని ధార కిందికి పోయిన మనిషి, పెదాలు నీలం తిరిగేదాకా బయటికి రాలేదు.

ఈ దారిలో కోన ఒక్కటే కాదు. నారాయణవనం కల్యాణ వేంకటేశ్వరుడి గుడిలో పద్మావతి పెళ్లికి పసుపు, పిండి విసిరారని చెప్పే పెద్ద తిరగలి ఉంది. ఆడవాళ్లు దాని దగ్గర ఆగినంతసేపు గర్భగుడి దగ్గర కూడా ఆగరు. ఈ ఊళ్లు నేతగాళ్ల ఊళ్లు, వీధిలో నడుస్తుంటే మగ్గం చప్పుడు వినిపిస్తుంది. వేసవిలో వస్తే పుత్తూరు, చిత్తూరు పల్లెల్లో మహాభారతం ఉత్సవాలు జరుగుతుంటాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, ఒకరోజు అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివర్న మట్టితో చేసిన దుర్యోధనుడి వధ, సాయంత్రం నిప్పులగుండం. నీళ్లు లేని నెలలో వచ్చినవాళ్లకు కోన కంటే ఇది చూడమనే చెప్తాను. ఏ ఊళ్లో ఏ రోజన్నది ముందే తెలియదు. పుత్తూరు బస్టాండులో టీ తాగుతూ అడిగితే చెప్తారు.

ఇంకో సౌకర్యం కూడా ఉంది, నవ్వకండి. జారి పడి చెయ్యో కాలో బెణికితే పుత్తూరు కట్టు దారిలోనే.

తుంబురు కోన: మనం ఎంచుకోలేం, అదే రోజు చెప్తుంది

తిరుమల అడవుల్లో చాలా తీర్థాలున్నాయి గానీ ఎప్పుడు పడితే అప్పుడు పోనివ్వరు. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు. వీటిని ముక్కోటి అంటారు. పాపవినాశనం దగ్గర నుంచి అడవి దారి పట్టాలి. తుంబురుకు పోను ఏడు కిలోమీటర్ల పైనే, రాను మళ్లీ అంతే. దారిలో దేవస్థానం వాళ్లు అన్నప్రసాదం, మంచినీళ్లు పెడతారు. గుండె జబ్బు, ఉబ్బసం, అధిక బరువు ఉన్నవాళ్లు రావద్దని ముందే ప్రకటిస్తారు. ఆ మాట వినండి, లోపల కుప్పకూలితే మోసుకు రావడమే దారి.

చివరి భాగంలో కొండ నిలువునా చీలినట్టుంటుంది. రెండు వైపులా ఎర్రటి రాతి గోడలు, నడుమ సన్నటి సందు, కాళ్ల కింద నీళ్లు. తల ఎత్తితే ఆకాశం ఒక గీతలా కనిపిస్తుంది. తరిగొండ వెంగమాంబ ఈ కోనలోని గుహలో కొన్నేళ్లు తపస్సు చేసిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఏడాదికి ఒకసారి వేలమందితో కలిసి పోతేనే మనకు ఆయాసం వస్తుంది. ఆమె ఒక్కతే ఎట్లా ఉందో!

ముక్కోటి తేదీకి సెలవు కుదరనివాళ్లకు శ్రీవారి మెట్టు ఉంది: 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల చిల్లర. అలిపిరి దారి 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. మెట్టు పొట్టిదే గానీ నిటారు, అలిపిరి పొడవు గానీ మధ్యలో చదును ఉంది, నీడా అంగళ్లూ ఉన్నాయి. మోకాలి నొప్పి ఉన్నవాళ్లు "దూరం తక్కువ కదా" అని మెట్టు దారి పడితే ఏడుస్తారు. 2023లో అలిపిరి దారిలో చిరుత దాడికి ఒక చిన్న పాప చనిపోయింది. పిల్లలుంటే గుంపుతో నడవండి, చెయ్యి వదలకండి, పిల్లల్ని ఏ వేళ దాకా అనుమతిస్తున్నారో బయల్దేరే రోజు కనుక్కోండి.

నాగలాపురం, హార్సిలీ: రెండు ముక్కలు

నాగలాపురం కొండల్లో వరసగా మడుగులుంటాయి. ఫొటోల్లో పచ్చగా మెరుస్తుంటాయి కాబట్టి కుర్రాళ్లు అడిగేది ఇదే. మడుగు లోతు పైనుంచి తెలియదు, బండలకు పాచి, ఫోన్ సిగ్నల్ ఉండదు. నీళ్లలో ప్రాణాలు పోయిన సంఘటనలు ఈ వైపు చాలా జరిగాయి. అటవీశాఖ అనుమతి, దారి తెలిసిన మనిషి, ఈత, మూడూ ఉంటేనే పోండి. లేదంటే ఊళ్లోనే వేదనారాయణస్వామిని చూసుకోండి. కృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేరు మీద కట్టిన ఊరు, మత్స్యావతారం గుడి. మార్చిలో మూడు రోజులు సాయంత్రపు ఎండ గర్భగుడిలోకి పోయి ఒకరోజు పాదాల మీద, ఒకరోజు నాభి మీద, ఒకరోజు నుదుటి మీద పడుతుంది. అక్కడి నుంచి కాస్త పోతే సురుటుపల్లిలో పడుకున్న శివుడు. నడక లేకపోయినా రోజు నిండుతుంది.

హార్సిలీ హిల్స్ కోన కాదు, కొండ నెత్తి. సముద్రమట్టానికి 1,265 మీటర్లు. పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ, దొరగారి పేరు తర్వాత వచ్చింది. జిల్లాల సరిహద్దులు మారినా మాకు అది చిత్తూరు జిల్లా కొండే. మే నెలలో తిరుపతి పెనంలా కాలుతుంటే గాలిబండ మీద సాయంత్రం దుప్పటి కప్పుకుంటారు. నీళ్ల కోసం పోవద్దు. రానూపోనూ రోజు కారులోనే సరిపోతుంది కాబట్టి ఒక రాత్రి ఉండాల్సిందే. మదనపల్లెలో ఆగితే, రవీంద్రుడు 1919లో జనగణమనను ఇంగ్లీషులోకి తిప్పిన కాలేజీ చూడొచ్చు.

తిండి సంగతి

కోనకు పోయి ఫ్రైడ్ రైస్ తిని వచ్చేవాళ్లను చూస్తే నాకు జాలి. తలకోన దారిలో, మదనపల్లె దారిలో సంగటి పెట్టే మెస్సులు వెతకండి. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండిని మధ్యలో కుప్పగా పోసి, కదపకుండా మూత పెడతారు. ఆవిరి లోపలి దాకా పట్టాక తెడ్డుతో, గిన్నెను రెండు కాళ్లతో అదిమిపట్టి, గడ్డ లేకుండా కెలుకుతారు. తడి చేత్తో గిన్నెలోకి తీసుకుని నాలుగు తిప్పులు తిప్పితే నున్నటి ముద్ద. నడుమ వేలితో గుంట చేసి నాటుకోడి పులుసు పోసుకోవాలి. తుంచి, ముంచి, నమలకుండా మింగాలి. కొత్తవాళ్లు నమిలి, పళ్లకంటుకుందని నీళ్లు తాగుతారు. మాంసం తిననివాళ్లకు చెనిక్కాయల ఊరిబిండి అనే పచ్చడి, పచ్చిపులుసు. సంక్రాంతి ముందు వస్తే అనపకాయల కాలం. అనపగింజలు నానబెట్టి తోలు పితికి చేసే పితికిపప్పు ఎవరింట్లోనైనా దొరికితే హోటలు మానేసి అక్కడే కూర్చోండి.

ఒక హెచ్చరిక. సంగటి, కోడి పులుసు తిన్నాక నడక సాగదు. నడక పొద్దున, ముద్ద మధ్యాహ్నం, తిరుగు ప్రయాణం నిద్రలో. డ్రైవర్‌కు మాత్రం ముద్ద సగమే పెట్టించండి.

నన్నడిగితే

ఒక్క పూటే ఉండి, పెద్దవాళ్లుంటే ఏ నెలైనా కైలాసకోన, నారాయణవనం. ఒక రోజంతా ఉండి, నవంబరు నుంచి జనవరి మధ్య అయితే తలకోన, చంద్రగిరి. కనుమ నాడు ఊళ్లో ఉంటే కోన సంగతి పక్కనపెట్టి రంగంపేట పశువుల పండుగ చూడండి, కానీ గోడ మీద నుంచో మిద్దె మీద నుంచో. వీధిలో దిగితే ఎద్దుకు మీరు చుట్టమని తెలియదు. మేలో వచ్చి, రెండు రోజులుంటే హార్సిలీ. ఒక్క రోజే ఉంటే తిరుపతిలోనే ఉండి తాతయ్యగుంట గంగమ్మ జాతర తేదీలు కనుక్కోండి. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం అంటూ వీధుల్లో తిరిగే మగవాళ్లను చూస్తే, నీళ్లు లేవన్న సంగతి గుర్తుకు రాదు.

స్నేహితులు నలుగురే, అందరూ ముప్పైలోపు, పొద్దున ఐదుకే లేస్తామంటే ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు. లేస్తామనడం వేరు, లేవడం వేరు. అందుకే ముందురోజు రాత్రే కొండ మీద గది తీసుకోండి.

ఏ కోనకైనా చెప్పులు కాదు, పట్టున్న బూట్లు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు. తిండి సంచి జిప్పు ఉన్నదై ఉండాలి, ముడి వేసిన కవరును కోతి మనకంటే ముందే విప్పుతుంది. బయల్దేరే ముందు గేటు తెరిచారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. వానల్లో చెప్పకుండా మూసేస్తారు.